మన తెలుగు కుర్రాళ్ళకి ఆడవాళ్ళంటే ఈ చిన్నచూపు ఎందుకు? కారణాలు చెప్పండి, తిట్లు వద్దు

హిందూపురం_హేమ | శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాను, బీటీఎం లేఅవుట్. ఒక కంపెనీలో టెస్టింగ్ టీమ్ చూసుకుంటాను. మా చిన్నాన్న కొడుకు బీటెక్ అయ్యాక ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చాడు. మడివాళలో ఇంకొంతమంది మనవాళ్ళ పిల్లలతో కలిసి ఫ్లాట్ తీసుకున్నాడు. ఆదివారం భోజనానికి మా ఇంటికొస్తాడు. పిల్లాడు మంచివాడు. మా పాపకి లెక్కలు చెప్తాడు, నాకు ఒంట్లో బాగోకపోతే మందులు తెచ్చిపెడతాడు.

కానీ ఈమధ్య వాడి నోట వస్తున్న మాటలు వినలేకపోతున్నాను. "అమ్మాయి కదా, అందుకే ఇచ్చుంటారు ప్రమోషన్." "ప్యాకేజీ ఎక్కువున్నవాడు కనిపిస్తే చాలు, వదిలేసి పోతారు." నేనూ ప్రమోషన్ తెచ్చుకున్నదాన్నే కదరా అంటే "నువ్వు వేరే అక్కా" అంటాడు. వాడి రూమ్మేట్లూ అదే ధోరణి.

వాణ్ణి తిట్టి దారికి తేవడం నా ఉద్దేశం కాదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడి మనసులో అసలేం జరుగుతోందో అర్థం కావాలి. తెలిసినవాళ్ళు చెప్పండి. "ఈ కాలం కుర్రాళ్ళంతే" అని మాత్రం రాయొద్దు, దయచేసి.

కడప_కార్తీక్ | శుక్రవారం, రాత్రి 10:05

అక్కా, మీ తమ్ముడి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతాను. నాకు 24. ఇక్కడికొచ్చి ఏడాది దాటింది, కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్నా. ఒకచోట రిఫరల్ అడిగితే "ఇప్పుడు డైవర్సిటీ హైరింగే, అమ్మాయిలుంటే చెప్పు" అన్నారు. బస్సెక్కితే ఆడవాళ్ళకి 2023 జూన్ నుంచి టికెట్ లేదు. మాకు 2025 జనవరిలో టికెట్ ధర 15 శాతం పెంచారు. మెట్రోలో ముందు పెట్టె వాళ్ళది. మా అన్నకి ముప్పై దాటింది, ఊళ్ళో వ్యవసాయం. రెండెకరాల బత్తాయి తోట ఉన్నా పిల్లనివ్వడం లేదు. "సాఫ్ట్‌వేరా, బెంగళూరా, హైదరాబాదా?" ఇదే మొదటి ప్రశ్న.

ఇన్ని చూశాక కోపం రాకుండా ఎలా ఉంటుంది? కోపమొస్తే దానికి చిన్నచూపని పేరు పెడతారు. మాకు మాత్రం ఎవరున్నారు?

బెల్లందూర్_బాబాయ్ | శుక్రవారం, రాత్రి 10:31

కార్తీక్, 15 శాతం పెంపు మీద నీ కోపం న్యాయమే. అయితే పెంచింది ప్రభుత్వం. ఆ కోపం నీ పక్క సీట్లో కూర్చున్న మనిషి మీదకి ఎలా మళ్ళిందో చూడు. మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆవిడ రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. టికెట్ డబ్బులు మిగిలి, నెలాఖరున అప్పు అడగడం మానేసింది. ఆవిడకి మిగిలిన డబ్బు నీ జేబులోంచి వెళ్ళిందని నీకు ఎవరు చెప్పారు?

నిమ్మి_కౌన్సెలర్ | శనివారం, ఉదయం 7:40

నేను సైకాలజీ చదివాను, కాలేజీ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తాను. హేమ గారి ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు కార్తీక్ చెప్పిన దాని గురించి. అవతలివాళ్ళకి ఏది దక్కినా అది మన వాటాలోంచి పోయిందే అనిపించడాన్ని జీరో-సమ్ ఆలోచన అంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో ఐరోపా సమాఖ్యలోని 27 దేశాల సర్వేతో ఒక అధ్యయనం ప్రచురించారు. "ఆడవాళ్ళ హక్కులు శ్రుతి మించాయి, మగవాళ్ళ అవకాశాలు పోతున్నాయి" అన్న మాటని ఎక్కువగా ఒప్పుకున్నది ముసలివాళ్ళు కాదు, 18-29 ఏళ్ళ మగవాళ్ళు. అందులోనూ నిరుద్యోగం పెరుగుతున్న ప్రాంతాలవాళ్ళు, ప్రభుత్వ సంస్థలు నిష్పక్షపాతంగా ఉండవని నమ్మేవాళ్ళు. అది ఐరోపా లెక్క, యథాతథంగా మనకి అతికించలేం. కానీ నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఇదే దారి కనిపిస్తోంది. ఉద్యోగం రాదు. ఎందుకు రాలేదో ఏ కంపెనీ చెప్పదు, మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వదు. కారణం తెలియని ఓటమిని మనసు భరించలేదు, ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది. ఎదురుగా కనిపించే అమ్మాయి ఆ కారణంగా మారిపోతుంది.

రెండోది, దీన్నే నేను అసలు కారణమని నమ్ముతాను. ఆడపిల్ల పెద్దమనిషి అయితే అయినట్టే, ఆ హోదాని ఎవరూ వెనక్కి తీసుకోరు. మగవాడి విషయంలో అలా కాదు, మగాణ్ణని పదిమంది ముందు మళ్ళీ మళ్ళీ రుజువు చేసుకోవాలి, ఒక్క తప్పటడుగుతో అది పోతుంది. అమెరికాలో వాండెల్లో, బాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008 నుంచి దీనిమీద వరసగా పనిచేశారు. ఒక ప్రయోగంలో కొందరు మగవాళ్ళ చేత బొమ్మ తలకి జడ వేయించారు. ఇంకొందరి చేత తాడు పేనించారు. చేతులు చేసే పని రెంటిలోనూ ఒకటే. తర్వాత "బాక్సింగ్ సంచీని గుద్దుతారా, పజిల్ చేస్తారా?" అని అడిగితే, జడ వేసినవాళ్ళలో ఎక్కువమంది గుద్దడానికే వెళ్ళారు. 2003లో ఇటలీలో మాస్ అనే పరిశోధకురాలి బృందం చేసిన ప్రయోగం ఇంకా భయపెడుతుంది. "నీలో మగతనం తక్కువ" అనిపించేలా చేసిన మగవాళ్ళు, కంప్యూటర్ చాట్‌లో అవతలి అమ్మాయికి అశ్లీల చిత్రాలు పంపడం పెరిగింది. ఆ అమ్మాయి వాళ్ళకి చేసిన హాని ఏమీ లేదు.

మీ తమ్ముడు ఆ మాటలు అంటున్నప్పుడు అతని మనసులో మీరు ఉండరు హేమ గారూ, రూమ్మేట్లు ఉంటారు. "నువ్వు వేరే" అనడం కూడా మామూలుగా అందరి మనసూ చేసే పనే. అభిప్రాయానికి ఎదురు నిలిచే మనిషి కనిపిస్తే, ఆ మనిషిని పక్కన మినహాయింపుగా పెట్టేసి అభిప్రాయాన్ని భద్రంగా ఉంచుకుంటాం. అందుకే ఇంట్లో తెలివైన అక్క ఉన్నంత మాత్రాన కుర్రాడి ఆలోచన మారదు.

సీమ_సాయి | శనివారం, ఉదయం 9:12

నిమ్మి గారు రాసిన జడ ప్రయోగం చదివితే మా హాస్టల్ గుర్తొచ్చింది. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు ముగ్గులు అద్భుతంగా వేసేవాడు. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు, అందుకని నెలపట్టిన దగ్గర్నుంచి వాకిట్లో ముగ్గు వీడిదే. ఇరవై ఒక్క చుక్కల మెలికల ముగ్గు చుక్క తప్పకుండా వేసేవాడు. ఒక సంక్రాంతికి వాళ్ళ చెల్లెలు ఆ వీడియో స్టేటస్‌లో పెట్టింది. సెలవులయ్యాక వీడు హాస్టల్‌కి వచ్చేసరికి మంచం మీద ఎవరో డజను గాజులు పెట్టారు. ఫ్లోర్ అంతా వీడికి "అమ్మాజీ" అని పేరు పెట్టేసింది.

వాడు గొడవ పడలేదు. ఆ సెమిస్టర్ అయ్యేలోపు క్యాంటీన్ గోడ మీద కూర్చుని వచ్చేపోయే అమ్మాయిల మీద కామెంట్లు చేసే బ్యాచ్‌కి వాడే ముందుండేవాడు. అందరికంటే మొరటు మాట వాడిదే. అలా అన్నాకనే "అమ్మాజీ" అనడం ఆగింది. మళ్ళీ ముగ్గు వేశాడో లేదో నాకు తెలియదు.

రాజాజీనగర్_రమణమూర్తి | శనివారం, ఉదయం 10:50

నాకు అరవై దాటాయి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా రోజుల్లో ఇలా లేదమ్మా. ఆడపిల్లని లక్ష్మీదేవి అనుకునేవాళ్ళం. వాళ్ళ ముందు గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు, బరువు మొయ్యనిచ్చేవాళ్ళం కాదు, చీకటి పడితే ఒంటరిగా పంపేవాళ్ళం కాదు. ఆ గౌరవం పోబట్టే ఇదంతా. పిల్లలకి మళ్ళీ ఆ గౌరవం నేర్పితే సగం సమస్య తీరుతుంది.

జయ_వైట్‌ఫీల్డ్ | శనివారం, ఉదయం 11:25

రమణమూర్తి గారూ, మీరు మంచి మనసుతో రాశారు, అందుకే నేనూ ఉన్నదున్నట్టు చెప్తాను. నన్ను మా ఇంట్లో లక్ష్మీదేవి అనే పెంచారు. అందుకే వరంగల్‌లో సీటొచ్చినా "అంత దూరం ఎందుకమ్మా, నీకెందుకా కష్టం" అని ఊళ్ళో కాలేజీలో చేర్చారు. అదే మా తమ్ముణ్ణి చెన్నై పంపారు. కష్టం వద్దన్న ప్రేమే నా చదువుకి అడ్డొచ్చింది.

నిమ్మి_కౌన్సెలర్ | శనివారం, మధ్యాహ్నం 12:10

జయ గారు చెప్పిన దానిమీద చాలా పరిశోధన ఉంది. గ్లిక్, ఫిస్క్ అనే ఇద్దరు 1996లో 22 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. ఆడవాళ్ళ మీద చిన్నచూపు రెండు రకాలుగా ఉంటుందన్నారు. ఒకటి కోపంతో వచ్చేది: "ఆడవాళ్ళు మగవాళ్ళని గుప్పిట్లో పెట్టుకోవాలని చూస్తారు" లాంటివి. రెండోది ముద్దుగా వచ్చేది: "ఆడది సున్నితం, ఆమెని మగవాడు కాపాడాలి." 2000లో 19 దేశాల్లో, 15,000 మందికి పైగా అడిగి చూస్తే, మొదటిది ఎక్కువున్న దేశంలో రెండోదీ ఎక్కువే. రెండూ కలిసే ఉంటాయి. చెప్పిన మాట వినే అమ్మాయికి గౌరవం, ఎదురు చెప్పే అమ్మాయికి కోపం. కుర్రాళ్ళకి ఇంట్లో ఆ గౌరవం కనిపిస్తుంది, ఆ కోపాన్ని సోషల్ మీడియా నేర్పిస్తుంది.

రాజాజీనగర్_రమణమూర్తి | శనివారం, మధ్యాహ్నం 12:48

మరి రాత్రి పదకొండింటికి మెజెస్టిక్‌లో బస్సు దిగే మా అమ్మాయిని తీసుకురావడానికి నేను వెళ్ళకూడదా? అదీ చిన్నచూపేనా?

జయ_వైట్‌ఫీల్డ్ | శనివారం, మధ్యాహ్నం 1:02

వెళ్ళండి రమణమూర్తి గారూ, తప్పకుండా వెళ్ళండి. మా నాన్న వచ్చినా నాకు సంతోషమే. "రాత్రి బస్సు కాబట్టి ఆ ఇంటర్వ్యూకే వెళ్ళొద్దు" అన్న రోజున మాత్రం అది వేరే విషయం అవుతుంది. రమ్మని ఆమె పిలిస్తే మీరు తోడు. ఆమె ప్రయాణాన్ని మీరు నిర్ణయిస్తే కాదు.

ఇంకో సంగతి. తప్పంతా కుర్రాళ్ళ మీదే వేస్తే నాకు మనసొప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగ్గా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలిచ్చి, వీటిలో దేనికైనా భర్త భార్యని కొట్టడం సబబేనా అని అడిగారు. ఆంధ్రలో 84 శాతం, తెలంగాణలో 84 శాతం ఆడవాళ్ళు కనీసం ఒక కారణానికి సబబే అన్నారు. దేశం సగటు 45. కర్ణాటకలో 77. మన తల్లులు, పిన్నులు, అత్తలు ఇలా అనుకుంటుంటే వాళ్ళ ఒళ్ళో పెరిగినవాడికి ఇంకోలా ఎలా తెలుస్తుంది?

మా అత్తగారింట్లో మగవాళ్ళు తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచిపోతారు. మెతుకులు తేలుతున్న ఆ ఎంగిలి నీళ్ళ కంచాన్ని తియ్యాల్సింది ఆడవాళ్ళు. నా మరిది కొడుక్కి ఆరేళ్ళు, వాడూ అలాగే లేచాడు. వాడికి ఎవరూ నేర్పలేదు. తాత లేచాడు, నాన్న లేచాడు, వాడూ లేచాడు. 2019 టైమ్ యూజ్ సర్వేలో రోజూ ఇంటిపని చేసే ఆడవాళ్ళకి సగటున 299 నిమిషాలు పడితే, చేసే మగవాళ్ళకి 97. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్ళే నూటికి 26 మంది.

కోడూరు_కోడర్ | శనివారం, మధ్యాహ్నం 3:30

రీల్స్ సంగతి చెప్తాను. నేను రికమెండేషన్ సిస్టమ్స్ (యాప్‌లో ఎవరికి ఏ వీడియో చూపించాలో ఎంచేవి) మీద పనిచేస్తాను. ఏ వీడియో దగ్గర నీ వేలు ఆగిందో సిస్టమ్ అదే చూస్తుంది, ఎందుకు ఆగిందో దానికి అనవసరం. ఉద్యోగం పోయిన రాత్రి "మగాడి విలువ జేబులోనే" అన్న వీడియో మీద కాసేపు ఆగితే, తెల్లారేసరికి అలాంటివే వరసకడతాయి. 2024లో లండన్ యూనివర్సిటీ కాలేజీ, కెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు టిక్‌టాక్‌లో టీనేజ్ అబ్బాయిల్లాంటి ఖాతాలు తెరిచి చూశారు. అయిదు రోజుల్లో స్త్రీ ద్వేషం ఉన్న వీడియోలు 13 శాతం నుంచి 56 శాతానికి చేరాయి. మన దగ్గర ఆ యాప్‌ని 2020 జూన్‌లోనే నిషేధించారు, కానీ మిగతా యాప్‌లూ అదే సూత్రం మీద నడుస్తాయి.

గేమర్_గుంటూరు | శనివారం, సాయంత్రం 4:05

గేమ్స్‌లో ఇది రోజూ చూస్తాను. 2015లో హేలో 3 అనే ఆటలో ఒక పరిశోధన చేశారు. మైక్‌లో అమ్మాయి గొంతు వినపడితే ఎక్కువ దురుసుగా మాట్లాడినవాళ్ళు ఆటలో వెనకబడ్డవాళ్ళే. బాగా ఆడేవాళ్ళు ఆమెతో బాగానే మాట్లాడారు. తన స్థానం జారుతోందని భయపడేవాడికే నోరు లేస్తుంది. మా స్క్వాడ్‌లోనూ అంతే.

తిరుపతి_తేజ | శనివారం, సాయంత్రం 6:20

నాకు ఇంకో కారణం కనిపిస్తోంది, ఇది మన రాష్ట్రాలకి బాగా సరిపోతుంది. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీలు అబ్బాయిలకి ఒక క్యాంపస్, అమ్మాయిలకి ఒక క్యాంపస్ పెడతాయి. పదహారు, పదిహేడేళ్ళ వయసంతా ఈఏపీసెట్, జేఈఈ షీట్ల మధ్య అమ్మాయి మొహం చూడకుండా గడిచిపోతుంది. తర్వాత ఇంజనీరింగ్‌లో ఒకే తరగతి అయినా మెట్లు వేరు, బస్సులో వరసలు వేరు. అమ్మాయితో మాట్లాడితే ఫైన్ వేసే కాలేజీలో నేను చదివాను. అలాంటి కుర్రాడు బెంగళూరుకొచ్చి, జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయి పక్కన కూర్చుని పని చేస్తాడు, ఆమె వాడి కోడ్‌లో తప్పు చూపిస్తుంది. అప్పటిదాకా అమ్మాయిల గురించి వాడికి తెలిసినదంతా సినిమాల్లోంచీ హాస్టల్ కబుర్లలోంచీ వచ్చిందే.

1954లోనే ఆల్‌పోర్ట్ అనే ఆయన చెప్పాడు, వేర్వేరు గుంపులవాళ్ళు సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం, పెద్దల మద్దతుతో కలిసి పనిచేస్తేనే ఒకరిపట్ల ఒకరికి ఉన్న దురభిప్రాయాలు తగ్గుతాయని. మన చదువులు ఇందులో ఒక్క షరతు కూడా తీర్చవు.

హిందూపురం_హేమ | శనివారం, రాత్రి 8:45

తేజ గారు చెప్పింది మా వాడి విషయంలో అక్షరాలా నిజం. మరి ఆఫీసుల్లో కలిసి పనిచేశాక మారాలి కదా?

తిరుపతి_తేజ | శనివారం, రాత్రి 9:02

కొంత మారతారు, కానీ అది నిలబడాలి. నార్వే సైన్యంలో శిక్షణకొచ్చిన కుర్రాళ్ళలో కొందరిని అమ్మాయిలున్న దళాల్లో, ఒకే గదుల్లో ఉంచారు. ఎవరు ఎక్కడన్నది లాటరీలా నిర్ణయించారు. అమ్మాయిలతో ఉన్న కుర్రాళ్ళ అభిప్రాయాలు బాగా మెరుగయ్యాయి. శిక్షణ ముగిసి విడిపోయాక ఆరు నెలలకి చూస్తే ఆ తేడా మిగల్లేదు.

పశ్చిమ బెంగాల్‌లో ఇంకోలా జరిగింది. పంచాయతీ సర్పంచి పదవులు ఆడవాళ్ళకి రిజర్వ్ అయిన ఊళ్ళలోనూ, కాని ఊళ్ళలోనూ ఎస్తర్ డ్యూఫ్లో అనే ఆర్థికవేత్త (ఆమెకి 2019లో నోబెల్ వచ్చింది), ఆమె సహచరులు ఒకే ప్రసంగాన్ని ఆడగొంతుతో, మగగొంతుతో వినిపించారు. ఆడ సర్పంచిని ఎప్పుడూ చూడని ఊళ్ళలో మగవాళ్ళు ఆడగొంతు ప్రసంగానికి తక్కువ మార్కులు వేశారు. చూసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. అయినా నాయకుడిగా మగవాడే ఇష్టం అన్నది మాత్రం పోలేదు. సామర్థ్యం మీద అనుమానం తీరినంత తేలిగ్గా ఇష్టాయిష్టాలు మారలేదు.

కడప_కార్తీక్ | శనివారం, రాత్రి 10:40

అందరూ చదువుకున్నవాళ్ళు, బాగా రాశారు. ఐరోపా, నార్వే, అమెరికా... అన్నీ చదివాను. నా మాట కూడా వినండి. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేస్తుంది, "ఏమైంది నాన్నా?" అంటుంది. నేను చెప్పడానికి ఏమీ ఉండదు. రూమ్‌లో నలుగురం ఉంటాం, నలుగురికీ అదే ఫోన్ వస్తుంది, బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడి వస్తాం. దాని గురించి మాలో మేము ఒక్క మాట మాట్లాడుకోం. క్రికెట్, సినిమా, అమ్మాయిలు. మాట్లాడటానికి ఇవి తప్ప ఇంకేం లేవు. ఆ రీల్స్‌లో చెప్పేవాడు కనీసం "నీ తప్పు కాదు" అంటాడు. ఆ మాట ఇంకెవరూ అనరు.

బస్సు విషయంలో నా మాట మీదే ఉన్నాను. టికెట్ పెంచినప్పుడు మాలాంటి నిరుద్యోగుల గురించి ఎవరూ ఆలోచించలేదు.

బెల్లందూర్_బాబాయ్ | శనివారం, రాత్రి 10:58

ఉద్యోగం లేని మగపిల్లలకీ రాయితీ ఇవ్వాలని అడుగు, నేనూ నీతో సంతకం పెడతాను. అందులో నాకు అభ్యంతరమే లేదు. ఆడవాళ్ళకి ఇచ్చింది తీసేస్తే నీకేం మిగుల్తుందన్నదే నా ప్రశ్న.

వాట్సాప్_వెంకట్ | ఆదివారం, ఉదయం 8:15

ఇన్నాళ్ళూ ఈ చర్చలు చదివి ఊరుకునేవాణ్ణి, కార్తీక్ రాసింది చదివాక రాయాలనిపించింది. మా కాలేజీ స్నేహితుల గ్రూపు ఒకటుంది. ఇద్దరే అన్ని జోకులూ పెడతారు, భార్యల మీద, ఆఫీసులో అమ్మాయిల మీద. మిగతావాళ్ళం నవ్వే బొమ్మ పెడతాం. ఒకరోజు ఒక పోస్ట్ మరీ దారుణంగా ఉంది. మాతో చదివిన ఒక అమ్మాయి విడాకుల గురించి. దానికీ వరసగా నవ్వే బొమ్మలు. నేనూ పెట్టబోతూ ఆగాను. సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను, టైమ్ ఉంది కదా అని ఆ నవ్విన వాళ్ళలో ఒకడికి విడిగా ఫోన్ చేశాను. "ఏరా, నీకు నిజంగా నవ్వొచ్చిందా?" అన్నాను. "లేదురా, మా చెల్లిది కూడా అదే పరిస్థితి" అన్నాడు. "మరి ఎందుకు పెట్టావు?" అంటే, "పెట్టకపోతే నీకేమైంది అంటారు కదరా" అన్నాడు. ఇంకొకడికి చేశాను. అదే జవాబు.

నిమ్మి_కౌన్సెలర్ | ఆదివారం, ఉదయం 9:30

వెంకట్ గారూ, మీరు ట్రాఫిక్‌లో కూర్చుని చేసిన పనినే ఆర్థికవేత్తలు పెద్ద ఎత్తున చేశారు. సౌదీ అరేబియాలో పెళ్ళయిన కుర్రాళ్ళని గుట్టుగా అడిగితే, ఎక్కువమంది "భార్య బయట ఉద్యోగం చేస్తే నాకు అభ్యంతరం లేదు" అన్నారు. "మీ చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారు?" అంటే, వాళ్ళు ఒప్పుకోరేమో అన్నారు. చాలామంది అలాగే తక్కువ అంచనా వేశారు. కొందరికి అసలు లెక్క చూపించారు. కొన్ని నెలల తర్వాత చూస్తే, అలా లెక్క చూసినవాళ్ళ భార్యలు ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టడం, ఇంటర్వ్యూలకి వెళ్ళడం పెరిగింది. 2020లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. ఎవరికీ నీతులు చెప్పలేదు, పక్కవాడి మనసులో ఏముందో చూపించారంతే.

మన కుర్రాళ్ళ చిన్నచూపులో పెద్ద వాటా నిజమైన ద్వేషానిది కాదని నా అనుభవం. పక్కవాడు అలా ఆశిస్తున్నాడని అనుకుని అనేసే మాటలవి. కాకపోతే రోజూ అంటూ ఉంటే అన్నవాడే వాటిని నమ్మడం మొదలుపెడతాడు, వినే అమ్మాయికి తగిలే దెబ్బ మాత్రం ద్వేషంతో అన్నా, మొహమాటంతో అన్నా ఒకటే. అందుకే ఆలస్యం చెయ్యకూడదు.

కార్తీక్, "నీ తప్పు కాదు" అన్న మాట నీకు దక్కాల్సిందే. అది చెప్పాల్సింది మీ రూమ్‌లోని మిగతా ముగ్గురు. వాళ్ళూ అదే మాట కోసం చూస్తున్నారు.

లక్ష్మి_యలహంక | ఆదివారం, ఉదయం 10:15

అమ్మాయికేదైనా జరిగితే "ఆ టైమ్‌లో ఎందుకు వెళ్ళింది" అంటారే, అది కూడా చెప్పండి నిమ్మి గారూ. మంచి మనసున్న మగపిల్లలు కూడా అంటారు.

నిమ్మి_కౌన్సెలర్ | ఆదివారం, ఉదయం 10:40

1966లో లెర్నర్, సిమన్స్ ఒక ప్రయోగం చేశారు. ఒక అమ్మాయికి కరెంటు షాకులు తగులుతున్నట్టు చూపించారు (నిజంగా ఇవ్వలేదు). ఆమె బాధ ఆపడం తమ చేతిలో లేనప్పుడు, చూసేవాళ్ళు ఆమెనే తక్కువచేసి మాట్లాడారు. లోకం న్యాయంగా ఉంటుందని నమ్మకపోతే మనకి భయం, కాబట్టి దెబ్బతిన్నవాళ్ళలోనే తప్పు వెతుకుతాం. ఆడవాళ్ళూ వెతుకుతారు. "నేను అలా వెళ్ళను కాబట్టి నాకేం కాదు" అన్న ధైర్యం కోసం.

రాజాజీనగర్_రమణమూర్తి | ఆదివారం, సాయంత్రం 5:20

నిన్నటి నుంచి అన్నీ చదువుతున్నాను. అమ్మాయిని తీసుకురావడం గురించి జయ చెప్పింది సబబుగా ఉంది. మా తెలుగు సంఘంలో వారాంతాల్లో పిల్లలకి పద్యాలు, శతకాలు నేర్పుతాం. వాళ్ళకి ఈ విషయాలు చెప్పే పద్ధతి ఏదైనా ఉందా? ఉపన్యాసాలు నేనివ్వగలను, కానీ పిల్లలు వినరని నాకు తెలుసు.

నిమ్మి_కౌన్సెలర్ | ఆదివారం, సాయంత్రం 6:05

ఉంది సార్, మన దేశంలోనే ఉంది. హర్యానాలో 314 ప్రభుత్వ బడుల్లో బ్రేక్‌త్రూ అనే సంస్థతో కలిసి చేశారు, ఫలితాలు 2022లో ప్రచురించారు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యిమంది మగవాళ్ళకి 879 మంది ఆడవాళ్ళున్న రాష్ట్రం అది. ఏడు, ఎనిమిది తరగతుల్లో మొదలుపెట్టి రెండున్నరేళ్ళపాటు, మూడు వారాలకొకసారి 45 నిమిషాలు పిల్లలతో చర్చలు పెట్టారు. ఉపన్యాసాలు లేవు. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు, ఎందుకు, అలాంటి ప్రశ్నల మీద మాట్లాడుకోవడమే. పిల్లల్లో ఉన్న పాతకాలపు అభిప్రాయాల్లో 16 శాతం మారాయి. మగపిల్లలు ఇంటిపనిలో చెయ్యి వెయ్యడం పెరిగింది. కార్యక్రమం ఆగిన రెండేళ్ళకి చూసినా ఆ మార్పు నిలిచింది. నార్వేలో మాసిపోయింది ఇక్కడ నిలవడానికి కారణం చిన్న వయసూ, ఎక్కువకాలం సాగడమూ కావచ్చని నా అభిప్రాయం.

నూటికి పదహారంటే తక్కువే అనిపిస్తుంది. పదమూడేళ్ళ పిల్లాడి వెనక ఇల్లూ, వీధీ, సినిమా అన్నీ ఉన్నాయి. వాటితో పోటీపడి ఇంత సాధించడం నాకు చాలా పెద్దగా కనిపిస్తుంది.

హిందూపురం_హేమ | ఆదివారం, రాత్రి 8:30

ఇవాళ మావాడు భోజనానికొచ్చాడు. ఆడవాళ్ళ గురించి ఏమీ ఎత్తలేదు నేను. ఇంటర్వ్యూలు ఎలా అవుతున్నాయని కూడా అడగలేదు. "రూమ్‌లో ఎవరికి ఎక్కువ టెన్షన్‌గా ఉందిరా?" అన్నాను. ఒక్కొక్కరి గురించీ చెప్పడం మొదలుపెట్టాడు, పప్పుచారు చల్లారిపోయేదాకా చెప్పాడు. ఒకడు ఇంట్లో ఉద్యోగం వచ్చిందని అబద్ధం చెప్పాడట. వాడి రూమ్మేట్లందర్నీ వచ్చే వారం భోజనానికి పిలుస్తున్నాను. వెంకట్ గారూ, మీరు వస్తే బాగుంటుంది. నేను మాట్లాడేకంటే వాళ్ళకంటే నాలుగైదేళ్ళు పెద్దయిన మగపిల్లాడు మాట్లాడటం మేలని నిమ్మి గారి మాటల్ని బట్టి అనిపిస్తోంది.

వాట్సాప్_వెంకట్ | ఆదివారం, రాత్రి 8:52

వస్తాను అక్కా. అడ్రస్ విడిగా పంపండి.

జయ_వైట్‌ఫీల్డ్ | ఆదివారం, రాత్రి 9:10

మంచి పని. తిన్నాక కంచాలు వాళ్ళ చేతే కడిగించండి, మొహమాటపడకండి హేమా.

కడప_కార్తీక్ | ఆదివారం, రాత్రి 11:35

నిమ్మి అక్కా, ఒకటి అడగాలి. నాకు నిద్ర పట్టడం లేదు, చాలా రోజులైంది. డాక్టర్ దగ్గరికెళ్ళడానికి ఇప్పుడు డబ్బుల్లేవు. ఫోన్‌లో ఉచితంగా మాట్లాడే నంబర్ ఏదో ఉందంటారు, అది తెలుగులో ఉంటుందా? ఇంట్లోవాళ్ళకి తెలుస్తుందా?

నిమ్మి_కౌన్సెలర్ | ఆదివారం, రాత్రి 11:48

ఉంటుంది తమ్ముడూ. టెలీ మానస్, నంబర్ 14416. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి చెప్పడం లాంటివి ఉంటాయని భయపడకు, నువ్వు మాట్లాడేది గోప్యంగా ఉంచుతారు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనిపిస్తే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, అది ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ, ఓపీడీకి ప్రైవేటు ఆసుపత్రిలా ఖర్చవదు. పొద్దున్నే వెళ్ళు, రద్దీ ఎక్కువ. ఆధార్ కార్డు తీసుకెళ్ళు. ఒక్కడివే వెళ్ళాలనిపించకపోతే ఇక్కడే రాయి, ఎవరో ఒకరం వస్తాం.

సీమ_సాయి | ఆదివారం, రాత్రి 11:55

కార్తీక్, నేను జయనగర్‌లో ఉంటాను, అక్కడికి దగ్గరే. మంగళవారం నాకు సెలవు. ఏడింటికి గేటు దగ్గర ఉంటాను, రా.